గాజుతొట్టిలో పగడపు దిబ్బ

సముద్రపు అడుగుభాగములో పగడపు దిబ్బలు ఆక్రమించిన చోటు నూటికి ఒక వంతు కూడ లేదు. అయినను సముద్రజీవుల జాతులలో సుమారు నాలుగవ వంతు తమ జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ దిబ్బలను ఆశ్రయించునని శాస్త్రజ్ఞుల అంచనా. ఇంత ఇరుకుచోట ఇన్ని జాతులు కాపురముండుటచే అక్కడ ప్రతి రంధ్రమునకు ఒక యజమాని, ప్రతి హద్దుకు ఒక తగవు, ప్రతి పొత్తుకు ఒక కట్టుబాటు ఏర్పడినవి. చేపల నడవడిని పరిశీలింప గోరువారికి ఇంతకు మించిన పాఠశాల లేదు.

గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చి పోయు మంచినీరు, ఒండ్రుమట్టి పగడములకు గిట్టవు. అందుచే ఆంధ్ర తీరమున పెద్ద పగడపు దిబ్బలు పెరుగలేదు. మన దేశములో వానిని చూడవలెనన్న మన్నారు సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో, లక్షద్వీపములకో, అండమాన్ నికోబార్ దీవులకో పోవలెను. పోలేనివారికి మిగిలిన మార్గము గాజుతొట్టి.

గాజుతొట్టిలో జలచరములను నిలుపుట మొదట రసాయనశాస్త్ర సమస్యగానే మొదలైనది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు చేపలు, నీటిమొక్కలు, నత్తలు ఒకే తొట్టిలో ఒకదాని కొకటి ఆధారముగ జీవింపగలవని చూపెను. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలకొరకు మత్స్యశాల తెరువబడెను. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన గ్రంథము వలన ‘అక్వేరియం’ అను మాట ఇంటింట వినబడెను. పగడములు మాత్రము మరియొక నూరేండ్లు ఎవరికిని లొంగలేదు. 1960 ప్రాంతమున ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అను నాతడు సముద్రములోని రాతిని దానిపై, దాని రంధ్రములలో నివసించు జీవులతో సహా తెచ్చి తొట్టిలో నుంచి, గాలిబుడగలతో నీటిని కదల్చి, పగడములను బ్రతికించెను. ఆ రాతిలోని కనబడని జీవులే నీటిని శుభ్రపరచినవని తరువాత అందరును గ్రహించిరి.

ఉప్పు లెక్క

సముద్రజలము కిలోగ్రాము ఒక్కింటికి సుమారు 35 గ్రాముల లవణములుండును. పగడపు దిబ్బల చేపలు వేల సంవత్సరములుగా దాదాపు మార్పులేని ఈ నీటికే అలవాటు పడినవి. చేప రక్తములోని ఉప్పు సముద్రజలములోని ఉప్పులో సుమారు మూడవ వంతు మాత్రమే. ఉప్పు చల్లిన మామిడిముక్కలు నీరూరినట్లే, సముద్రపు చేప దేహములోని నీరు మొప్పల గుండ ఎడతెగక బయటికి పోవుచుండును. ఆ లోటు తీర్చుకొనుటకు చేప సముద్రజలమునే త్రాగి, అధికమైన ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణముల ద్వారా వెలుపలికి నెట్టును. ఈ పనికి శక్తి కావలెను. నీటిలో ఉప్పు పెరిగినకొలది చేపకు శ్రమ పెరుగును.

తొట్టిలో ఉప్పు ఎట్లు పెరుగును? 200 లీటర్ల తొట్టిలో సుమారు 7,000 గ్రాముల ఉప్పుండును. దినమునకు 3 లీటర్ల నీరు ఆవిరియైన వారమునకు 21 లీటర్లు తరుగును. నీరు ఆవిరియగునే గాని ఉప్పు ఆవిరి కాదు. మిగిలిన 179 లీటర్లలో అదే 7,000 గ్రాములున్నందున లీటరునకు 35కు బదులు 39 గ్రాములగును. కావున తరిగిన నీటికి బదులు పోయవలసినది లవణములు లేని శుద్ధజలమే. ఉప్పునీరు పోసిన తొట్టిలోని మొత్తము ఉప్పు పెరుగుచుండును. ఇది దినదినము, కొంచెము కొంచెముగ చేయవలెను. వారమునకొకసారి ఒక్కుమ్మడిగ పోసిన చేపకు వేసవి నుండి వర్షకాలమునకు గంటలో పోయినట్లుండును. హైడ్రోమీటరుతో చూచినపుడు 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నీటి సాపేక్ష సాంద్రత 1.025, 1.026 మధ్య నుండుట మంచిది.

ప్రాణవాయువు విషయములోను సముద్రపు చేపకు కరువే. 25 డిగ్రీల వద్ద మంచినీరు లీటరునకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆమ్లజనిని కరగించుకొనగా, సముద్రజలము 7 మిల్లీగ్రాములకైన చాలదు. నీరు వేడెక్కినకొలది ఇదియు తగ్గును. కావున నీటి పైతలము ఎల్లవేళల కదలుచుండవలెను. తొట్టి అందమునకు కాదు పంపు. అది చేపకు ఊపిరి.

కనబడని పనివారు

చేప మొప్పల నుండి వెలువడునది, తినక మిగిలిన మేత కుళ్ళగా పుట్టునది అమ్మోనియా. ఇది విషము. నీరు క్షారముగ నున్నకొలది ఈ విషపు తీవ్రత హెచ్చును, పి.హెచ్. 7 వద్ద నున్నదానికన్న పి.హెచ్. 8 వద్ద అమ్మోనియాలో విషరూపపు భాగము దాదాపు పదిరెట్లు. సముద్రజలపు పి.హెచ్. 8.1 ప్రాంతమున నుండును. కాబట్టి మంచినీటి తొట్టిలో చేప ఓర్చుకొన్న మోతాదు ఇక్కడ చంపగలదు.

1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చు బాక్టీరియాలను వేరుచేసి చూపెను. తొట్టిలోని రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడి నీటిని కాచునవి ఇట్టి సూక్ష్మజీవులే. గాజుతొట్టి శాస్త్రమునకు తిరిగి చేసిన ఉపకారమొకటి ఇచ్చట చెప్పదగినది. 2005లో అమెరికాలోని సియాటిల్ మత్స్యశాలలో ఉష్ణమండల సముద్రపు తొట్టి గులకరాళ్ళ నుండి అమ్మోనియాను మార్చు మరియొక సూక్ష్మజీవిని వేరుచేసిరి. అది బాక్టీరియా కాదు, ఆర్కియా అను వేరొక వర్గమునకు చెందినది. దాని బంధువులు మహాసముద్రములలో అపారముగ నున్నవని, సముద్రపు నత్రజని చక్రములో వాని పాలు పెద్దదని అటుపిమ్మట తేలెను.

ఈ పనివారు స్థిరపడుటకు సామాన్యముగ నాలుగు నుండి ఆరు వారములు పట్టును. ఆ కాలములో తొట్టిలో చేప నుంచరాదు. చిటికెడు మేత వేసి కుళ్ళనిచ్చి, పరీక్షాద్రావకములతో చూచుచుండవలెను. మొదట అమ్మోనియా పెరిగి తగ్గును. వెనువెంట నైట్రైటు పెరిగి తగ్గును. రెండును శూన్యమైన పిదపనే చేప. తొట్టి కొన్ననాడే చేపలను కొని, వారములోపల పారవేసిన ఇండ్లలో అధికభాగము ఈ ఆరు వారముల ఓపిక లేనివే. మిగిలిన నైట్రేటును తగ్గించుటకు అప్పుడప్పుడు కొంత నీరు తీసి, అదే ఉప్పు, అదే వేడిమి గల క్రొత్తనీరు పోయుదురు.

పగడము తిండి, ఇల్లు

పగడము రాయి కాదు, చెట్టు కాదు, జంతువు. పాలిప్ అనబడు చిన్న జీవులు వేలకొలది కలిసి కట్టుకొన్న సున్నపుటిల్లు అది. పాలిప్ కణములలో సూక్ష్మమైన శైవలములు నివసించును. ఇవి సూర్యరశ్మితో పిండిపదార్థమును తయారుచేసి అందులో అధికభాగమును పాలిప్‌కు ఇచ్చును. పాలిప్ వీనికి ఆశ్రయమును, నత్రజని మొదలగు ఎరువులను ఇచ్చును. వెలుగు తగ్గిన పగడము పస్తుండును. నీరు వేడెక్కిన ఈ పొత్తు చెడి శైవలములు వెడలిపోవును, పగడము తెల్లబారును. వేసవిలో ఆ చోట ఉండవలసిన గరిష్ఠ ఉష్ణోగ్రతకన్న ఒక్క డిగ్రీ అధికముగ కొన్ని వారములున్న చాలు, ఈ కీడు మొదలగును.

పగడము ఇల్లు కట్టుకొను ఖర్చును లెక్కవేసి చూడవచ్చును. 200 లీటర్ల తొట్టిలో పగడములు 20 గ్రాముల కాల్షియం కార్బొనేటును కూడబెట్టినవనుకొందము. అందులో కాల్షియం 8 గ్రాములు. నీటిలో లీటరునకు 410 మిల్లీగ్రాముల చొప్పున మొత్తము 82 గ్రాములున్నందున తరుగు పదవవంతే. కాని కాల్షియముతో చేరవలసిన బైకార్బొనేటు నీటిలో చాల తక్కువ. సముద్రజలపు క్షారత లీటరునకు సుమారు 2.3 మిల్లీ ఈక్వివలెంట్లు. 200 లీటర్లలో 460. ఆ 20 గ్రాములకు ఖర్చగునది 400. అనగా కాల్షియం పదింట ఒక వంతు తరుగునప్పటికి క్షారత పదింట తొమ్మిది వంతులకు దగ్గరగ హరించుకొనిపోవును. పగడములు గల తొట్టిలో అన్నిటికన్న తరచుగ కొలువవలసినది క్షారత అనుటకు కారణమిదే.

ఈ లోటును తీర్చు పాతపద్ధతి మన ఇండ్లలో అందరెరిగిన సున్నపుతేట. జర్మను పెంపకందారులు ‘కాల్క్ వాసర్’ అని పిలుచునది ఇదే. ఆవిరియైన నీటికి బదులు పోయు శుద్ధజలములో కాల్షియం హైడ్రాక్సైడును కలిపి, తేరిన తేటను రాత్రివేళ చుక్కలు చుక్కలుగ వదలుదురు. ఆ తేట పి.హెచ్. 12 ప్రాంతమున నుండును గనుక ఒక్కసారిగ పోసిన తొట్టి అంతయు నశించును. తాంబూలపు సున్నము దీనికి పనికిరాదు. శుద్ధమైన రసాయనమే కావలెను.

చేపల నడవడి

తొట్టి స్థిరపడిన తరువాత మొదలగును అసలు వేడుక. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్ గాజుతొట్టెలలోను, ఫ్లోరిడా తీరపు దిబ్బల మీదను చేపలను చూచి, మెరయు రంగులు గల చేపలు ముఖ్యముగ తమ జాతివానిపైననే దాడి సేయునని 1963లో వెలువడిన గ్రంథములో వివరించెను. వేరుజాతి చేప తినునది వేరు. స్వజాతి చేప తన మేతకే పోటీ. డచ్చి శాస్త్రజ్ఞుడు టిన్‌బర్గెన్ ప్రయోగశాలలో స్టికిల్‌బ్యాక్ అను చిన్నచేపల మగవి ఎఱ్ఱని పొట్టగల బొమ్మపై విరుచుకుపడెడివి. కిటికీ బయట ఎఱ్ఱని తపాలాబండి పోయినను తొట్టిలో ఆ వైపునకు దూకెడివి. ఈ ఇరువురకును, తేనెటీగల భాషను కనుగొన్న కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కును 1973లో నోబెల్ బహుమానము లభించెను. ఒకే తొట్టిలో ఒకే జాతి మగవానిని రెంటి నుంచరాదను పెంపకందారుల సూత్రమునకు వెనుకనున్నది లోరెంజ్ చెప్పిన ఈ కారణమే.

క్లౌన్ చేప, ఎనిమోను స్నేహము అందరికంటె ప్రసిద్ధము. ఎనిమోను పువ్వువలె కనబడు జంతువు. దాని మీసములలో విషపు ముండ్లు కలవు. క్లౌన్ చేప దేహముపైని జిగురుపూత వలన ఆ ముండ్లు దానిపై పేలవు. ఒక్కొక్క ఎనిమోనులో ఒక కుటుంబముండును. అందులో అన్నిటికన్న పెద్దది ఆడది, రెండవది మగది, తక్కినవి పిల్లలను కనని చిన్నవి. ఆడది చనిపోయిన మగదే ఆడదిగ మారును. వరుసలో తరువాతిది మగదగును. 1977లో ఫ్రికె దంపతులు ఈ విషయమును ప్రకటించిరి. పాపువా న్యూగినీ తీరమున పీటర్ బస్టన్ 2003లో చూపిన దింకను వింత: క్రిందిది తన పైదానికన్న ఎల్లప్పుడు చిన్నదిగ నుండునట్లు తన ఎదుగుదలనే అదుపులో నుంచుకొనును. పెద్దదైన తగవు, తగవైన ఇంటినుండి గెంటివేత. ఇంటి తొట్టిలో కొన్న రెండు చిన్న క్లౌన్ చేపలలో ఒకటి కొన్ని నెలలలో పెరిగి, రెండవది దాని ముందు వణకుచు ఒరిగిన, అది జబ్బు కాదు, వినయము. జత కుదిరినదని అర్థము.

గోబీ చేప, రొయ్యల పొత్తు వేరు రకము. రొయ్య గుంట త్రవ్వును. గోబీ కాపలా కాయును. రొయ్యకు చూపు మందము. బయటికి వచ్చినపుడెల్ల తన మీసమును గోబీ దేహమునకు ఆనించి యుంచును. అపాయము కనబడగనే గోబీ తోకను వణకించును; రొయ్య గుంటలో దూరును. కూలి త్రవ్వకము, జీతము కావలి.

శుభ్రకార చేపల కథలో మాత్రము హెచ్చరిక కలదు. నీలిచార గల ఈ చిన్న రాస్ చేప ఇతరచేపల దేహముపైని పరాన్నజీవులను ఏరి తినును. ఆస్ట్రేలియాలోని లిజర్డ్ దీవి వద్ద గ్రుటర్ అను శాస్త్రజ్ఞురాలు 1996లో ప్రకటించిన లెక్క ప్రకారము ఒక్క చేప దినమునకు సగటున 1,200కు పైగా పరాన్నజీవులను తినును. అందుకై రెండువేలకు పైగా చేపలను పరీక్షించును. 1972లో రాబర్ట్‌సన్ వీనిలో మగది పోయిన పెద్ద ఆడది గంటలలో మగదానివలె ప్రవర్తించి, సుమారు రెండు వారములలో నిజముగ మగదగునని తెలిపెను. 2019లో జపాను శాస్త్రజ్ఞులు అద్దములో తన ప్రతిబింబమును చూచి మెడ క్రింద పెట్టిన గుర్తును రాళ్ళకు రాచుకొనినదని ప్రకటించిరి. ఇంత తెలివిగల చేపను కొనవలెననిపించుట సహజము. కాని నాలుగు చేపలున్న తొట్టిలో దానికి దినమునకు రెండువేల ఖాతాదారులెక్కడ? అధికముగ పస్తుతో చచ్చును. దీనిని దిబ్బమీదనే వదలుట న్యాయము.

చూచుట ఎట్లు?

నేర్పు గల పెంపకందారుడు మొదట చూపరి. దినము ఒకే వేళకు, మేత వేయకముందు, పది నిమిషములు కదలక కూర్చుండి చూచినది చూచినట్లు వ్రాయవలెను. “చేపకు కోపము వచ్చినది” అనుట ఊహ. “వాజములు నిక్కించి రెండుసార్లు తరిమినది” అనుట పరిశీలన. నిశ్చలముగ నున్న చేప మొప్పలు నిమిషమునకు ఎన్నిసార్లు కదలుచున్నవో లెక్కించి వ్రాసికొనవలెను. నెలదినముల లెక్క చేతనున్నవానికి ఒకనాడు ఆ సంఖ్య హెచ్చుట వెంటనే కనబడును. లేనివానికి చేప తేలినపుడు గాని తెలియదు. ఊపిరి వేగమైన ఆమ్లజని లోటో, అమ్మోనియాయో, మొప్పల రోగమో కావచ్చును. అన్ని చేపలును ఒక్కసారి పైకి చేరిన నీటిని అనుమానింపవలెను. ఒక్కటే చేరిన ఆ చేపను.

రాళ్ళకు దేహము రాచుకొనుట, పిదప ఉప్పురవ్వలవంటి తెల్లని చుక్కలు కనబడుట క్రిప్టోకారియాన్ అను పరాన్నజీవి లక్షణము. ఇది మోసకారి. కొన్ని దినములు చేపపై నుండి, రాలి, అడుగున గూడు కట్టుకొని, అందులో వందలుగ విభజన పొందును. చుక్కలు మాయమైనవని యజమాని సంతోషించుచుండగ అది మరల గుంపుగ వచ్చి పడును. రాగి లవణములు దీనికి మందు. కాని అవి పగడములను, రొయ్యలను చంపును. అందుచే మందు వేయవలసినది వేరుతొట్టిలోనే. అంతకన్న మేలు, కొన్న ప్రతి చేపను కనీసము నాలుగు వారములు వేరుతొట్టిలో నుంచి చూచి పిదపనే లోనికి చేర్చుట.

వేసవి, విద్యుత్తు

తెలుగునాట వేసవి ఈ తొట్టికి పెద్ద పరీక్ష. నీటి ఉపరితలముపై విసనకర్ర గాలి తగిలించుట సులభోపాయము. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకెలరీల వేడిమి కావలెను. అది 200 లీటర్ల నీటిని దాదాపు 3 డిగ్రీలు చల్లార్చగలదు. కుండలోని నీరు చల్లబడుటయు ఇందుచేతనే. హైదరాబాదు, అనంతపురముల పొడిగాలిలో ఈ పద్ధతి బాగుగ పనిచేయును. విశాఖపట్టణము వంటి తేమగల తీరమున అంతగ పనిచేయదు, అచ్చట శీతలయంత్రము అవసరము కావచ్చును. విద్యుత్తు పోయినపుడు పంపు ఆగును గాని చేపలు, సూక్ష్మజీవులు ఊపిరి పీల్చుట ఆగదు. బ్యాటరీతో నడచు గాలిపంపు ఒకటి సిద్ధముగ నుండవలెను. ఆ వేళ మేత వేయరాదు.

కొనదగినది, కొనరానిది

మన దేశములో రాతి పగడములన్నియు, సముద్రపు గుఱ్ఱములును 2001 నుండి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. వీనిని సముద్రము నుండి తీయుట, అమ్ముట, కొనుట నేరము; ఒడ్డున దొరికిన చచ్చిన రాతిపగడపు ముక్కకును ఇదే వర్తించును. కావున మన ఇండ్లలో దిబ్బ కట్టవలసినది రంధ్రములు గల పొడిరాతితోనో, సిమెంటుతో చేసిన రాతితోనో. కొద్ది వారములలో సూక్ష్మజీవులు అందులో కాపురము పెట్టును. చేపకు కావలసినది దాగుకొను చోటు, అది రాతి పుట్టుక నడుగదు.

చేపల విషయములోను విచారణ అవసరము. ఫిలిప్పైన్సు మొదలగు చోట్ల 1960 ప్రాంతము నుండి సయనైడు నీటిని చల్లి చేపలను మత్తుగొల్పి పట్టుట జరిగినది. దానిచే చుట్టునున్న పగడములు చచ్చినవి, పట్టిన చేపలును ఆపై నిలువలేదు. ఇండోనేషియాలోని బంగాయి దీవులలో తప్ప మరెక్కడను పుట్టని కార్డినల్ చేప, ఇండ్ల తొట్టెలకై పట్టుట వలననే అపాయస్థితికి వచ్చెను. దీనికి విరుగుడు పెంపకము. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ క్లౌన్ చేపలను తొట్టెలలో గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు పద్ధతులను రూపొందించినది. తొట్టిలో పుట్టిన క్లౌన్ చేప ఎనిమోను లేకయే సుఖముగ నుండును. సిద్ధమైన మేతకు అలవాటుపడి యుండును. దానివలన ఏ దిబ్బకును లోటు రాదు. క్రొత్తవారు మొదలు పెట్టవలసినది అట్టి జతతోనే.

తొట్టి ఎంత చిన్నదైన అంత కష్టము. చచ్చిన ఒక్క చేప 50 లీటర్ల నీటిని గంటలలో చెరచును. 300 లీటర్లలో చూచి తీయుటకు సమయముండును. రాయి, గాజు కలిపి 200 లీటర్ల తొట్టి దాదాపు 300 కిలోగ్రాములు తూగును గనుక దానికి తగిన బల్లయు ముఖ్యమే.

2024 ఏప్రిలులో ప్రపంచమందలి పగడపు దిబ్బలు నాలుగవసారి మూకుమ్మడిగ తెల్లబారుచున్నవని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఒక్క డిగ్రీ అనగా చాలమందికి చిన్నమాట. గాజుతొట్టి కడ ఒక వేసవి గడపినవానికి అది చిన్నమాట కాదు. మధ్యాహ్నము ఉష్ణమాపకము 28 నుండి 30కి ప్రాకుచుండగ చేపల మొప్పల లెక్క హెచ్చుట అతడు కన్నులార చూచియుండును. విసనకర్ర పెట్టి, నీరు పోసి, దానిని దింపియుండును. సముద్రమునకు విసనకర్ర పెట్టువారు లేరు.